పిన్ను పడితే సరిపోదు

మా ఊళ్ళో నన్ను ఛార్జర్ కోడలంటారు. నా ఎదురుగా అనరు, నేను బస్సు దిగి వీధి మలుపు తిరిగాక అంటారు. అననీ. నేనేమీ దొంగతనం చేయలేదు, ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు. నా ల్యాప్‌టాప్ ఛార్జర్ నాదని చెప్పాను, అడిగినా ఇవ్వనని చెప్పాను. అంతమాత్రానికే పేరు పెట్టారంటే వాళ్ళకు వేరే పని లేదన్నమాట.

మా అత్తగారి ఊరు ఎర్రగుంట్లకు దగ్గర. వేపాకుల మీద కూడా సిమెంటు దుమ్ము పేరుకునే ఊరు. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. ఆయన అన్న, అంటే మా బావ, సేద్యం చూసుకుంటాడు. బావ భార్య పిల్లల చదువుల కోసం కడపలో ఇల్లు తీసుకుని ఉంటుంది. ఇక్కడ ఇంట్లో ఉండేది బావ, మా ఆయన, నేను, మా అత్త. నల్లరేగడి చేను ఉంది, ఏటా శనగ వేస్తారు.

ఈ ఇంటికి ఒక పద్ధతి ఉంది. ఇక్కడ ఏ వస్తువూ ఎవరిదీ కాదు. చెప్పులు ఎవరి కాలికి దొరికితే వాళ్ళవి. బండి తాళం గోడ మేకుకు వేలాడుతుంది, ముందు లేచినవాళ్ళు తీసుకుపోతారు. టవలు, గొడుగు, టార్చిలైటు అన్నీ అంతే. కాపురానికి వచ్చిన కొత్తలో నేను నా దువ్వెనను సూట్‌కేసులో పెట్టుకుంటే మా అత్త చూసి, "ఏమే, దువ్వెన గూడా దాచిపెట్టుకుంటారా యాడన్నా? మేమేమన్నా పరాయోళ్ళమా?" అని నవ్వింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నేను చూసినంతలో ఆ ‘అందరిదీ’ అనేది ఎప్పుడూ ఆడవాళ్ళ దగ్గర నుంచి మగవాళ్ళ దగ్గరికే నడిచింది. బావ గడ్డం గీసుకునే సెట్టును ఎవరూ తీసుకోగా నేను చూడలేదు.

నేను బీఎస్సీ లెక్కలు చదివాను. పెళ్ళికి ముందు కర్నూలు పక్కన కల్లూరులో, మా పుట్టింట్లో, ముందుగదిలో చాప పరిచి ట్యూషన్లు చెప్పేదాన్ని. పెళ్ళయ్యాక అది ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ చెప్పమనీ అనలేదు. అట్లా ఏళ్ళు గడిచాక, ఆన్‌లైన్‌లో పదో తరగతికి లెక్కలు చెప్పేవాళ్ళు కావాలని హైదరాబాదు వాళ్ళు ఒకరు అడిగారు. నేను సరేనన్నాను. వాళ్ళ సూపర్‌వైజర్ ఒక క్లాసు కూర్చుని చూస్తాడు, నచ్చితే ఉద్యోగం, లేకుంటే లేదు. ఆ ఒక్క క్లాసు కోసం నేను ఎంతగా ఎదురుచూశానో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పినా, "ఇంట్లో కూసోని ఫోన్లో మాట్లాడేదానికి అంత ఏముండాది?" అనేవాళ్ళు.

ల్యాప్‌టాప్ మా తమ్ముడు వాడి వదిలేసింది. గట్టి మిషనే. కానీ దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఛార్జర్ గోడకు ఉన్నంతసేపే వెలుగు, తీసేస్తే టక్కున ఆరిపోతుంది. అంటే ఆ నల్లడబ్బా, ఆ వైరు ఉంటేనే నా క్లాసు.

ఆ శనగకాలంలో పచ్చపురుగు పడింది. బావ వీపున తగిలించుకునే బ్యాటరీ పంపుతో మందు కొట్టిస్తున్నాడు. ఆ పంపుకు దాని ఛార్జర్ ఉంది, చిన్నది, నిదానంగా ఎక్కుతుంది. నా క్లాసు రోజున మధ్యాహ్నం నేను స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, టేబుల్ దగ్గరికి వస్తే నా ఛార్జర్ లేదు. దాని చోట పంపు ఛార్జర్ పెట్టి ఉంది. అయినా పిన్ను గుచ్చి చూశాను. పిన్ను చక్కగా పట్టింది. ల్యాప్‌టాప్ మాత్రం కన్ను తెరవలేదు. ఎట్లా తెరుస్తుంది? అది పన్నెండు వోల్టులది, నాదానికి పంతొమ్మిదిన్నర కావాలి.

బావకు ఫోను చేశాను. మోటరు షెడ్డులో ఉన్నాడు.

"నీదే తెచ్చుకున్నాలే మ్మా, జల్దిగా ఎక్కుతాదని. మాది ఆడ పెట్టి వచ్చినా కదా? పిన్ను పట్టలేదా?" అన్నాడు, మేలు చేసినవాడిలాగా.

"పిన్ను పట్టింది బావా, కరెంటు పట్టలేదు. నా క్లాసు ఉండాది, ఇప్పుడే తెచ్చియ్యి."

తెచ్చాడు, పొద్దు వాలాక. అప్పటికి క్లాసు టైము దాటిపోయింది. ఛార్జర్ నుంచి కాలిన వాసన వస్తోంది. పంపు బ్యాటరీ పూరీ మాదిరి ఉబ్బి ఉంది. రెండూ పోయాయి. బావ రెండింటినీ వరండాలో పెట్టి, "బ్యాటరీ పాతదైపోయినట్టుండాది" అన్నాడు. అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఏడ్చాను కూడా, బాత్రూములో కొళాయి తిప్పి. సిగ్గుపడను చెప్పడానికి. ఏడుపు వచ్చేటంత కోపం అది.

సూపర్‌వైజర్ మంచివాడే, ఇంకొక్కసారి చూస్తానన్నాడు. "ఈసారి కూడా ఆగిపోతే నేనేం చేయలేను మేడమ్" అన్నాడు. వారం గడువు ఇచ్చాడు.

మరునాడు మా ఆయనను బయల్దేరదీసి ఎర్రగుంట్ల పోయాను. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాను. సెల్లులు, ఛార్జర్లు అమ్మే అంగడి. నేను అడుగుతుంటే అంగడాయన మా ఆయనకు జవాబు చెప్తున్నాడు.

"ఇదుండాది చూడన్నా. దీంట్లో పది రకాల పిన్నులుంటాయి, ఏదో ఒకటి పడతాది."

"పడేది కాదు, పనిచేసేది కావాల. వోల్టులెంత దీనివి?" అన్నాను.

"అన్ని వోల్టులూ వస్తాయన్నా దీంట్లో."

"అన్ని వోల్టులూ నాకొద్దు. నాకు కావాల్సింది ఒకటే. ల్యాప్‌టాప్ అడుగున రాసుండాది, నువ్వే చదువు." సంచిలోంచి తీసి బల్లమీద బోర్లించాను.

ఆయన చదవలేదు. లోపలికి పోయి ఇంకొకటి తెచ్చాడు. వోల్టులు సరిగ్గానే ఉన్నాయి. వాట్లు చూశాను, నలభై అయిదు. నాది అరవై అయిదు.

"తక్కువైతే ఏమయితాది, నిదానంగా ఎక్కుతాది, అంతేకదా" అన్నాడు.

"బ్యాటరీ బాగుంటే నిదానంగా ఎక్కుతాది. దీనికి బ్యాటరీనే ల్యాదు. క్లాసు నడమ వీడియో తిరిగేటప్పుడు కరెంటు చాలక టప్పున ఆరిపోతే పిల్లోళ్ళకు నువ్వొచ్చి చెప్తావా?"

అప్పుడు మొదటిసారి నా మొహం చూశాడు. "ఆడోళ్ళకు ఎందుకమ్మా ఈ వాట్లు, వోల్టులు!" అన్నాడు నవ్వుతూ.

"వాడేది ఆడోళ్ళు కాబట్టి."

మా ఆయన నా మోచేయి తట్టాడు. "ఇంగ తీసుకోమే, షిఫ్టుకు టైమయితాంది. ఏదో ఒకటి." ఏదో ఒకటి! చొక్కా కొనడానికి పోతే కాలరు ఇటు తిప్పి అటు తిప్పి అర్ధపూట చూసే మనిషి, నా దగ్గరికొచ్చేసరికి ఏదో ఒకటి. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని అంగడి దిగేశాను.

మరునాడు నేనొక్కదాన్నే బస్సెక్కి కడప పోయాను. రెండు అంగళ్ళు తిరిగాక మూడో దాంట్లో నాకు కావాల్సింది దొరికింది. వోల్టులు సరిగ్గా అంతే, ఆంపియర్లు నాదానికన్నా కొంచెం ఎక్కువే. ఆంపియర్లు ఎక్కువైతే భయం లేదు, మిషను తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. వోల్టులే అటూఇటూ కాకూడదు. అయినా నేను ఊరికే సంచిలో వేసుకుని రాలేదు. ఆ అంగట్లోనే ప్లగ్గు పెట్టించి, వీడియో ఆన్ చేసి, పాఠం చెప్పేటప్పుడు తెరిచేవన్నీ తెరిచి, స్టూలు మీద కూర్చున్నాను. అంగడి సాయిబు గల్లాపెట్టె మీద వేళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టాడు.

"ఎంతసేపు మ్మా? పాఠం గూడా నా అంగట్లోనే చెప్పి పోతావా ఏంది?"

"అవసరమైతే చెప్తా భాయ్. ఇంటికి పోయినాక ఆరిపోతే మళ్ళీ ఇంత దూరం రాలేను."

"చెప్పు చెప్పు, నేను గూడా పది తప్పినోణ్ణే" అని నవ్వి, నాకొక టీ తెప్పించాడు. టీ తాగేవరకూ ల్యాప్‌టాప్ ఆరలేదు. ఛార్జర్ డబ్బాను చేత్తో పట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది, కాలడం లేదు. అప్పుడు లేచాను.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అందరూ ఉన్నప్పుడే చెప్పాను. గుసగుసలు, సణుగుళ్ళు నాకు చేతకావు.

"ఈ ఛార్జర్ నాది. దీన్ని ఎవురూ తీసుకోగూడదు. అడిగినా ఇయ్యను."

బావ తలెత్తి చూసి మళ్ళీ సంగటి ముద్దలోకి దిగాడు. మా ఆయన నీళ్ళు తాగాడు, అవసరం లేకున్నా. మా అత్తే అందుకుంది.

"ఇదెక్కడి చోద్యమే? ఈ ఇంట్లో నేను ఇన్నేండ్లు సంసారం చేసినా. ఒక్క దినం ఇది నాది, ముట్టుకోవద్దండి అన్న్యానా? ఇయ్యాల ఛార్జర్ అంటాండావు, రేపు పొయ్యి వేరే పెట్టుకుంటానంటావు."

"పొయ్యి అందరిదీ అత్తా. అన్నం అందరికీ వండుతానే ఉండా. ఈ వైరు మాత్రం నాది."

"వైరు కోసరం ఇంత రచ్చనా?"

"వైరు కోసరం కాదు. ఆ వైరు పోయిన దినం నా క్లాసు పోయింది. ఇంగొక్కసారి పోతే మళ్ళీ పిలవరు."

ఆమె వినలేదు. ఆ వారమంతా ఆమె నాతో మాట్లాడిన ప్రతి మాటలోనూ ఎక్కడో ఒకచోట ఛార్జర్ వచ్చింది. నన్ను ఉప్పు అడగాల్సి వచ్చినా, "నీ డబ్బాలోది ఇస్తావో ఇయ్యవో" అనేది. పక్కింటి వాళ్ళతో చెప్పింది, వాళ్ళు వీధిలో చెప్పారు, పేరు అట్లా వచ్చింది. నేను మాత్రం ఛార్జర్‌ను బీరువాలో పెట్టి తాళంచెవిని కొంగుకు కట్టుకున్నాను. భయం లేదని చెప్పను. ఇంట్లో ఒక్క మనిషి కూడా నా వైపు లేకుండా తిరగడం చాలా కష్టం. కానీ ఇచ్చేస్తే అంతకన్నా కష్టమని నాకు తెలుసు.

క్లాసు రోజు వచ్చింది. పురుగు ఇంకా తగ్గలేదు. బావ పంపుకు కొత్త బ్యాటరీ వేయించాడు. మందు కొట్టడానికి కూలోళ్ళను పిలిపించుకున్నాడు, వాళ్ళు చేనికాడ కూర్చుని ఉన్నారట. పంపును ఛార్జింగుకు పెట్టడం మాత్రం మరిచాడు. నేను తలుపు దగ్గరకు వేసి క్లాసు మొదలుపెట్టాను. తెర మీద పిల్లల మొహాలు, మూలన సూపర్‌వైజర్ మొహం. రెండు చలరాశుల సమీకరణాలు. తెర మీది బోర్డులో మొదటి లెక్క సగం వేశానో లేదో, తలుపు తీసుకుని బావ లోపలికి వచ్చాడు, చంకలో పంపు.

"ఒక్క అరగంట మ్మా. నీదైతే జల్దిగా ఎక్కుతాది. కూలోళ్ళు ఖాళీగా కూసోనుండారు."

"క్లాసులో ఉండా బావా."

"శనగంతా పురుగు తింటాంటే క్లాసేంది?" అంటూ ఆయన చెయ్యి స్విచ్‌బోర్డు మీదికి పోయింది. ప్లగ్గు పట్టుకున్నాడు. లాగితే అయిపోయినట్టే. మళ్ళీ పిలుపు రాదు, మళ్ళీ నన్నెవరూ ఏమీ అడగరు, శనగ ఒలుచుకుంటూ ఉండిపోతాను.

మైకు ఆపడానికి చెయ్యి పోయింది. ఆపలేదు. ఎందుకు ఆపాలి? నేనేం చాటుమాటు పని చేస్తున్నానా?

"బావా, చెయ్యి తీయి."

ఆ ఇంట్లో నేను అంత గొంతుతో మాట్లాడింది అదే మొదలు. ఆయన చెయ్యి అక్కడే నిలిచిపోయింది, తీయనూ లేదు, లాగనూ లేదు.

"నీ డ్రిప్పు పైపు ఎంత ప్రెషరు తట్టుకుంటాదో నీకు తెల్సు కదా. అంతకన్నా ఎక్కువ వదిలితే ఏమయితాది?"

"పగులుతాది" అన్నాడు అలవాటుగా.

"పంపు బ్యాటరీ పన్నెండు వోల్టులది. నా ఛార్జర్ పంతొమ్మిదిన్నర వదుల్తాది. అందుకే పోయినసారి జల్దిగా ఎక్కింది. జల్దిగా ఎక్కి, జల్దిగా ఉబ్బింది. అది పాతదై పోలేదు, నా ఛార్జరే దాన్ని చంపింది. ఇప్పుడు కొత్తదాన్ని గూడా చంపుకుంటానంటే నీ ఇష్టం, వేరే ఛార్జర్‌తో చంపుకో. ఇది మాత్రం నేనియ్యను. నీ పంపుకు దాని ఛార్జర్ పెట్టుకో, రేప్పొద్దున్నే కొట్టించు. పురుగు ఒక్క పూటలో చేనంతా తినదు. నా క్లాసు మాత్రం ఇప్పుడు ఆగితే ఇంగ లేదు."

గుమ్మం దగ్గరికి మా అత్త వచ్చి నిలబడింది. "పెద్దోణ్ణి పట్టుకోని ఎంత మాటంటాండావే!" అని అరిచింది. అదీ వినే ఉంటారు అందరూ.

"అనాల్సిన మాటే అంటాండా అత్తా" అన్నాను, తెర వైపు తిరిగాను. తెర మీద ఒక పిల్ల చెయ్యెత్తింది. "మిస్, వోల్టులు కాకుండా ఆంపియర్లు ఎక్కువైనా పగులుతుందా?" అనడిగింది.

"పగలదమ్మా. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన పైపు పగలదు, తనకు కావాల్సినన్ని నీళ్ళే తీసుకుంటుంది. ప్రెషరు ఎక్కువైతేనే పగులుతుంది" అని చెప్పి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తిచేశాను. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. లెక్క అయ్యేసరికి వెనక తలుపు మూసిన చప్పుడైంది. ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉంది.

క్లాసు అయిపోయాక సూపర్‌వైజర్ ఫోను చేశాడు. "పాఠం బాగా చెప్పారు మేడమ్. సోమవారం నుంచి మొదలుపెట్టండి. ఒక్కటే, క్లాసు టైములో లోపలికి రావద్దని మీ ఇంట్లోవాళ్ళకు కాస్త చెప్పండి."

"చెప్పేశాను సార్. మీరూ విన్నారు కదా" అన్నాను.

శనగకు ఏమీ కాలేదు. పంపు దాని ఛార్జర్‌తోనే నిండింది, మరుసటి పొద్దున మందు కొట్టారు. బావ నాతో మాట్లాడటం మానేశాడు. కావాల్సింది మా ఆయనతో చెప్పేవాడు, ఆయన నాతో చెప్పేవాడు, ముగ్గురం ఒకే వరండాలో కూర్చుని. మా ఆయన ఒకసారి, "నువ్వు అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది" అన్నాడు. "మెల్లగా అన్న దినం ఎవురన్నా విన్నారా?" అన్నాను.

అట్లా కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నేను వరండాలో పిల్లల లెక్కలు దిద్దుతున్నాను. మా అత్త మంచం మీద పడుకుని ఉంది, తల దగ్గర ఆమె చిన్న సెల్లు ఛార్జింగులో ఉంది. బావ బయటి నుంచి వచ్చి, ఎప్పటిలాగే అడగకుండానే ఆమె సెల్లును ఊడదీసి పక్కన పెట్టి, ఆ వైరు తన ఫోనుకు పెట్టుకోబోయాడు. ఆమె పడుకునే ఉండి వైరును చేత్తో పట్టుకుంది.

"పెట్టప్పా ఆడ, ఎక్కుతాంది."

"ఒక్క పది నిమిషాలు మ్మా, నాది ఆరిపోతాంది."

"నాది గూడా ఆరిపోతాది. రాజంపేట నుంచి మీ చిన్నమ్మ ఫోను చేస్తాది ఇప్పుడు. దినమూ మీరు పీకేసుకోని పోతే, సెల్లు మాటల నడమలోనే ఆరిపాయ. సగం మాటలు చెప్పుకోలేక ఎన్ని దినాలు కూసున్నానో మీకేమన్నా తెల్సా?" ఆమె లేచి కూర్చుంది. "నేనియ్యను. నువ్వొకటి కొనుక్కోపో."

బావ ఆమెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు, ఇదంతా నేనే నేర్పించినట్టు. దేవుడి తోడు, నేను ఒక్క ముక్క నేర్పలేదు. ఆమె కూడా నా వైపు చూసింది. ఆ చూపులో నా మీద ప్రేమేమీ లేదు.

"నువ్వేంది అట్ల చూస్తాండావు? నీ పని నువ్వు చేసుకో" అని కసిరింది. సెల్లుకు మళ్ళీ పిన్ను గుచ్చుకుని, చిన్నమ్మ ఫోను రాగానే ఎత్తి, గోడ వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. ఎవరూ పీకలేదు.